సంఘానికి ఏటా ఇచ్చే కానుక: సంచి, కవరు, దశమభాగం, హామీ పత్రం, కోత కానుకల్లో మీకు ఏది?

డిసెంబరు 31 రాత్రి చర్చి ఆరాధనలో చేతికి వచ్చినంత ఇస్తాం. జనవరి రెండో ఆదివారానికి ఇంట్లో చర్చ మొదలవుతుంది: ఈ ఏడాది సంఘానికి ఎంత ఇవ్వాలి? ప్రసంగాలు కూడా ఎక్కువగా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. దానికంటే ముందు తేల్చుకోవలసింది ఇంకొకటి ఉందని నా అభిప్రాయం. ఏ తీరున ఇవ్వాలి? తీరు మీ సంపాదనకు నప్పకపోతే జనవరిలో అనుకున్న మొత్తం ఎంత పెద్దదైనా జూన్‌లో స్కూలు ఫీజుల దగ్గర జారిపోతుంది. నప్పితే మాత్రం చిన్న మొత్తమైనా ఏడాది పొడవునా నిలుస్తుంది.

సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్, బాప్టిస్టు సంఘాలు, కథోలికుల స్థానిక సంఘాలైన విచారణలు, స్వతంత్ర సంఘాలు ఒక్కొక్కటి ఒక్కో పద్ధతికి అలవాటు పడ్డాయి. అయినా ఒకే సంఘంలో రెండు మూడు తీరులకు చోటు ఉంటుంది. మీ పక్క బెంచీ కుటుంబం చేసేదే మీరూ చేయనక్కర లేదు.

## ముందు చూసుకోవలసినవి

మొదటిది, మీ ఇంటికి డబ్బు వచ్చే తీరు. నెలజీతం, వారం కూలి, పంట, వ్యాపారం, పింఛను: ఇవి ఒకే లయలో రావు. డబ్బు ఏ లయలో వస్తుందో కానుక కూడా అదే లయలో వెళ్లాలి. ఈ వ్యాసంలో నేను గట్టిగా పట్టుకున్న మాట ఇదొక్కటే. మిర్చి అమ్మితే తప్ప చేతిలో రూపాయి ఆడని రైతును నెలనెలా కవరు అడిగితే ఆయన అప్పు చేసి ఇస్తాడు, లేకపోతే ఆదివారం గుడికి రావడం మానేస్తాడు.

రెండోది, మీ అత్యంత చెడ్డ నెల. ఆసుపత్రి ఖర్చు, పెళ్లి, ఉద్యోగం పోవడం లాంటివి వచ్చినప్పుడు ఈ తీరు నిలుస్తుందా? మంచి నెల చూసుకుని నిర్ణయం తీసుకునేవాళ్లే ఎక్కువ.

మూడోది సంఘం వైపు నుంచి. పాస్టరు జీతం, కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం, బిషప్ కింద ఉండే సంఘాల మండలమైన డయాసిస్‌కు కట్టవలసిన వాటా నెలనెలా వస్తాయి. క్రిస్మస్‌కు వచ్చిన లక్ష ఆగస్టు నాటికి ఉండదు. మీ కానుక ఎప్పుడు, ఎంత వస్తుందో కోశాధికారికి ముందే తెలిస్తే అది సంఘానికి రెండింతల మేలు.

నాలుగోది లెక్క. డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది, ఎవరు లెక్కపెడుతున్నారు, ఏడాదికి ఒకసారైనా సభ్యులందరి ముందు చదువుతున్నారా? కొరింథు సంఘపు కానుకను యెరూషలేముకు చేర్చే పనిలో పౌలు తీతుతో పాటు ఇంకొందరిని పంపించాడు, ఎవరూ తప్పు పట్టకూడదని (2 కొరింథీ 8:20-21). అపొస్తలుడికే అవసరమైన జాగ్రత్త మన పెద్దలకు అవమానం కాదు.

వీటితో పాటు గోప్యత ఒకటి. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మాట (మత్తయి 6:3) ఉంది. రసీదు పుస్తకంలో పేరు ఉండటం ఇష్టపడని కుటుంబాలూ ఉన్నాయి. వాళ్ల కారణాలు వాళ్లకు ఉంటాయి, అడగకూడదు.

| తీరు | ఎవరి సంపాదనకు నప్పుతుంది | చెడ్డ నెలలో | సంఘానికి ముందే తెలుస్తుందా | పేరు నమోదు |
|---|---|---|---|---|
| ఆదివారం సంచి | వారం కూలి, ఆటో, చిన్న కొట్టు | తేలిగ్గా తగ్గించవచ్చు | తెలియదు | ఉండదు |
| నెలసరి చందా, కవరు | నెలజీతం, పింఛను | బకాయి పడుతుంది | కొంతవరకు | ఉంటుంది |
| దశమభాగం | ఏ సంపాదనకైనా, లెక్క రాసుకుంటేనే | సంపాదనతో పాటే తగ్గుతుంది | ఇచ్చేవారు క్రమంగా ఇస్తే | సంఘాన్ని బట్టి |
| ఏడాది హామీ పత్రం | స్థిరమైన జీతం, పింఛను | ముందే చెప్పి మార్చుకోవాలి | బాగా తెలుస్తుంది | ఉంటుంది |
| కోత కానుక | రైతు, కౌలు రైతు | పంట పోతే భారం ఉండదు | కాలం తెలుస్తుంది, మొత్తం తెలియదు | తక్కువ |
| ప్రత్యేక, నిర్మాణ కానుక | ఒక్కసారి పెద్ద మొత్తం వచ్చినవారు | వర్తించదు | తెలియదు | తరచూ గోడమీద కూడా |

## ఆదివారం సంచి

అందరికీ తెలిసినదే. పాట మొదలవుతుంది, సంచి వరసల వెంట వస్తుంది, జేబులో చెయ్యి పెడతాం, చేతికి తగిలిన నోటు వేస్తాం. ఇబ్బంది అంతా ఆ "చేతికి తగిలిన" దగ్గరే ఉంది. ఆదివారం కానుకకు ఆధారంగా చూపే వచనం (1 కొరింథీ 16:2) నిజానికి చెప్పేది వేరు: ప్రతి ఆదివారం ఎవరికి వాళ్లు, వర్ధిల్లిన కొలదీ, తమ దగ్గర కొంత తీసి నిలవ చేయాలి. అంటే నిర్ణయం ఇంట్లోనే జరిగిపోవాలి.

శనివారం కూలి చేతికి వచ్చే తాపీ మేస్త్రీకి, రోజు లెక్కన సంపాదించే ఆటో డ్రైవరుకు ఇంతకంటే మంచి పద్ధతి లేదు. ఇంట్లో ఒక డబ్బా పెట్టుకుని వారం కూలి రాగానే అందులో వేస్తే చాలు. గుడికి రాలేని ఆదివారం కానుక కూడా ఆ డబ్బాలో ఉండిపోతుంది, తర్వాతి వారం వెళ్తుంది. నెలజీతగాళ్లు సంచి ఒక్కదానితో సరిపెట్టుకోవడం మాత్రం బద్ధకమే. జీతం పడిన ఆదివారం ఐదు వందలు, నెలాఖరు ఆదివారం ఇరవై: దీంతో ఏ సంఘం బడ్జెట్ వేసుకోగలదు?

## నెలసరి చందా, కవరు

పాత మిషను సంఘాల్లో ఇదే వెన్నెముక. పన్నెండు గళ్ల కార్డు, ప్రతి గడిలో కోశాధికారి సంతకం. చాలా సంఘాల్లో చందా బకాయి లేనివాళ్ల పేర్లే ఓటర్ల జాబితాలో ఉంటాయి. అందుకే కమిటీ ఎన్నికలకు ముందు నెలలో ఏళ్ల బకాయిలు ఒక్కసారిగా తీరిపోతుంటాయి. ఆ భక్తి సంగతి దేవుడికే వదిలేద్దాం.

మేలు ఏమిటంటే క్రమం. లోటు ఏమిటంటే చందా మొత్తం గడ్డకట్టుకుపోతుంది. నాన్నగారు నెలకు యాభై కట్టేవారు, కొడుకు వంద కడుతున్నాడు, ఈలోగా జీతం ఇరవై రెట్లు పెరిగింది. క్లబ్బు రుసుము కట్టినట్టు కట్టేసి, సంఘంతో లెక్క తీరిపోయిందనుకోవడం చందా పద్ధతిలో ఉన్న పెద్ద ప్రమాదం. ఈ తీరు ఎంచుకుంటే ఏప్రిల్‌లో ఇంక్రిమెంటు వచ్చిన నెలలోనే చందా కూడా పెంచే అలవాటు చేసుకోండి. మీ సంఘం పెట్టిన కనీస చందాను కనీసంగానే చూడండి.

పింఛనుదారులకు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు ఇది బాగా నప్పుతుంది. ఇంటికి వచ్చి కవరు తీసుకునే ఏర్పాటు ఉన్న సంఘాల్లో ఇంకా మంచిది. ఆ వంకన నెలకోసారి ఎవరో ఒకరు వాళ్ల ఇంటి తలుపు తడతారు.

## దశమభాగం

ఎక్కువ వాదాలు ఇక్కడే. మలాకీ 3:10 తెలియని తెలుగు క్రైస్తవుడు ఉండడు. పదియవ భాగమంతా మందిరపు నిధిలోకి తెమ్మని అక్కడ ఉంది. అదే పాత నిబంధనలో ద్వితీయోపదేశకాండం 14 కూడా ఉంది. మూడో ఏట ఆ పదో వంతు ఊరి గుమ్మాల్లోనే ఉంచి మందిర సేవకులైన లేవీయులు, పరదేశులు, తండ్రిలేని పిల్లలు, విధవరాండ్రు తిని తృప్తి పొందేలా చేయాలని అక్కడ చెప్పారు. మొదటి వచనం మీద విన్నన్ని ప్రసంగాలు రెండోదాని మీద వినం. పుదీనాలో, జీలకర్రలో కూడా పదో వంతు లెక్కగట్టి ఇచ్చే పరిసయ్యులు న్యాయాన్ని, కనికరాన్ని వదిలేశారని యేసు గద్దించాడు (మత్తయి 23:23). ఆ లెక్కను మానెయ్యమని అనలేదు, అదే సరిపోతుందనీ అనలేదు.

కొత్త నిబంధన సంఘాలకు పదో వంతు చట్టమా, మాదిరా అన్నదానిపై సంఘశాఖలు ఏకీభవించవు. పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాల్లో దీన్ని గట్టిగా బోధిస్తారు. కథోలిక సంఘపు అంతర్గత నియమావళి అయిన కానన్ చట్టం, 222వ నిబంధన, సంఘ అవసరాలకు తోడ్పడటం విశ్వాసుల బాధ్యత అంటుంది. వంతు ఇంత అని చెప్పదు. మీరు ఏ వైపున ఉన్నా, దశమభాగం ఒక కొలతగా పనికొస్తుంది. సంపాదనతో పాటు పెరుగుతుంది, సంపాదనతో పాటు తగ్గుతుంది. చందాలా గడ్డకట్టదు.

ఇక లెక్క దగ్గరకు వద్దాం. జీతగాడికి స్థూల జీతం మీదా, చేతికి వచ్చిన దాని మీదా? చేతికి 45,000 వచ్చే ఇంట్లో 4,500 అవుతుంది. పన్ను, పీఎఫ్ కలిపి స్థూల జీతం 54,000 అయితే 5,400. తేడా 900. దీని మీద మనస్సాక్షిని ఏళ్లపాటు హింసించుకునేవాళ్లు ఉన్నారు. ఏదో ఒకటి నిర్ణయించుకుని నెలనెలా ఇవ్వడం ముఖ్యం. పీఎఫ్ తీసుకున్న రోజున దాని సంగతి చూసుకోవచ్చు.

రైతుకు ఇది మరింత చిక్కు. ఎకరాకు ముప్పై బస్తాల వడ్లు పండాయనుకుందాం, అందులో పదిహేను కౌలుకు పోయాయి. మొత్తం పంట మీద లెక్క వేస్తే దశమభాగం మూడు బస్తాలు. ఆయనకు మిగిలిన పదిహేనులో ఎరువులు, కోత మిషను, పురుగుమందు అప్పు పోగా మిగిలేది నాలుగైదు బస్తాలే కావచ్చు. ముప్పై మీద పదో వంతు అడిగితే ఆయన తిండిగింజల్లో సగానికి పైగా అడిగినట్టే. కౌలు, పెట్టుబడి తీసేసి మిగిలిన దాని మీద ఇవ్వండి. వ్యాపారస్తులకూ ఇదే నియమం: అమ్మకం మీద కాదు, లాభం మీద.

అప్పుల్లో ఉన్నవారి విషయంలో నా మాట సూటిగానే ఉంటుంది. వడ్డీకి తెచ్చిన డబ్బులోంచి దశమభాగం ఇవ్వకండి. అది మీ సంపాదన కాదు. "ముందు ఇవ్వు, దేవుడు నూరంతలు చేస్తాడు" అని బంగారం తాకట్టు పెట్టించే బోధను నమ్మకండి. తల్లిదండ్రులకు పెట్టవలసినదాన్ని "కొర్బాను" పేరుతో దేవుడికి అర్పించామని తప్పించుకునేవాళ్లను యేసు ఎలా తప్పుపట్టాడో మార్కు 7లో చదవండి. అప్పు తీరేవరకు ఆదివారం సంచిలో నిజాయతీగా వేయగలిగినంత వేయండి, తీరిన నెల నుంచి పదో వంతు మొదలుపెట్టండి. ఒకేసారి పదికి ఎగరనక్కర లేదు. ఈ ఏడాది మూడు శాతం, వచ్చే ఏడాది ఐదు అనుకుంటూ వెళ్లినవాళ్లు మధ్యలో మానేయడం తక్కువ.

దశమభాగం ఇచ్చేవారు సంఘాన్ని అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ప్రజల దగ్గర పదో వంతు పుచ్చుకున్న లేవీయులు అందులో మళ్లీ పదో వంతు తీసి అర్పించాలని సంఖ్యాకాండం 18:26 చెబుతోంది. మీ సంఘం తనకు వచ్చిన దాంట్లో ఎంత బయటికి, అంటే బీదలకు, చిన్న సంఘాలకు, వైద్యానికి ఇస్తోంది? ఏమీ ఇవ్వకపోతే మీ పదిలో రెండు మూడు వంతులు మీరే నేరుగా అక్కడికి పంపండి. మొత్తం మందిరానికే రావాలనే పాస్టర్లు దీన్ని ఒప్పుకోరు. ద్వితీయోపదేశకాండం 14 తెరిచి మాట్లాడండి.

## ఏడాది హామీ పత్రం

"ఈ ఏడాది మా కుటుంబం నెలకు ఇంత ఇవ్వడానికి ప్రయత్నిస్తుంది" అని ఒక కాగితం మీద రాసి సంఘానికి ఇవ్వడం. కమిటీ ఆ కాగితాలన్నీ కలిపి బడ్జెట్ వేసుకుంటుంది. అమెరికాలోని సంఘాల్లో శరదృతువు వచ్చిందంటే ఈ పత్రాల హడావుడే. అక్కడ ఉండే తెలుగువారికి ఇది కొత్త కాదు. మన దగ్గర ఇంకా తక్కువ సంఘాల్లోనే ఉంది.

నగరంలో, ఎక్కువ మంది జీతాల మీద బతికే సంఘానికి అన్ని పద్ధతుల్లోనూ ఇది మేలని నా నమ్మకం. పాస్టరుకు జీతం పెంచవచ్చా, సండే స్కూలుకు గది కట్టవచ్చా అన్నది ఊహ మీద కాకుండా అంకెల మీద తేలుతుంది. కుటుంబానికీ మేలే. ఏడాదికి ఒకసారి భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకోవలసి వస్తుంది. కానుక గురించి ఇంట్లో ఎప్పుడూ మాట్లాడుకోని దంపతులు చాలామంది ఉన్నారు. ఆయన ఒక మొత్తం వేస్తాడు, ఆమె చీర కొంగున కట్టుకున్నది ఇంకొకటి వేస్తుంది.

అయితే షరతులు ఉన్నాయి. సంఘం ముందు నిరుటి లెక్క చూపాలి, తర్వాత హామీ అడగాలి. లెక్క చూపకుండా హామీ అడిగే సంఘానికి పత్రం నింపకండి. హామీల మొత్తం చదవవచ్చు, పేర్లు చదవకూడదు. ఎవరు ఎంత రాశారో కోశాధికారికి, ఇంకొకరికి మించి తెలియకూడదు. ఇది ప్రామిసరీ నోటు కాదని పత్రం మీదే రాసి ఉండాలి. మొక్కుకుని చెల్లించకపోవడం కంటే మొక్కుకోకపోవడమే మేలని ప్రసంగి 5:5 అంటుంది కదా అని భయపడేవాళ్లు ఉంటారు. వాళ్లకు ఒక ఉపాయం: మీ చెడ్డ నెలలో కూడా ఇవ్వగలిగినంతే పత్రంలో రాయండి, మిగిలినది దశమభాగం లెక్క చూసుకుని పైన వేయండి. ఉద్యోగం పోతే కోశాధికారికి ఒక్క ఫోను చేసి మార్చమనండి. సంజాయిషీ చెప్పవలసిన పని లేదు.

కమీషన్ల మీద బతికేవారు, సీజను వ్యాపారులు, కొత్తగా ఉద్యోగంలో చేరినవారు ఒక ఏడాది ఆగి ఆ తర్వాత దీంట్లోకి రావడం మంచిది.

## కోత కానుక

ఊళ్లలో కోత పండుగ చూసినవారికి చెప్పనక్కర లేదు. బలిపీఠం ముందు వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్లు కట్టిన కోడిపుంజులు. ఆరాధన అయ్యాక వేలం పాట. సంతలో అరవైకి దొరికే గుమ్మడికాయ అక్కడ ఆరు వందలకు పోతుంది, కొన్నవాడు దాన్ని మళ్లీ వేలానికి పెట్టేస్తాడు. ఇంత ఆనందంగా డబ్బు ఇచ్చే చోటు ఇంకొకటి నేను చూడలేదు. ఉత్సాహంగా ఇచ్చేవాణ్ని దేవుడు ప్రేమిస్తాడన్న వచనానికి (2 కొరింథీ 9:7) వేలంపాట కంటే మంచి వ్యాఖ్యానం దొరకదు. పాట పోటీగా మారి, ఇద్దరు పెద్దమనుషుల పంతం అయినప్పుడు మాత్రం పాస్టరు కలగజేసుకుని ఆపాలి.

దీనికి మన నేలమీద మంచి చరిత్ర ఉంది. 1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్. అంతకు ముందే, 1905లో, భారతీయుల మనుషులతో, డబ్బుతో, నిర్వహణతో నడిచే జాతీయ మిషనరీ సంఘం స్థాపనలో పాలుపంచుకున్నారు. దోర్నకల్ ప్రాంతంలో ఆయన కిందికి వచ్చిన సంఘాల్లో ఎక్కువమంది పల్లెల్లో కూలికి వెళ్లే దళితులు. వాళ్లు బీదవాళ్లు, విదేశీ మిషను ఇస్తుందిలే అని ఆయన వదిలేయలేదు. ఇవ్వడం ప్రతి విశ్వాసికీ నేర్పవలసిన శిష్యరికమని పట్టుబట్టారు. చేతిలో నాణెం లేనివాళ్లు గింజలు తెచ్చారు. వంట బియ్యం కొలిచేటప్పుడు పిడికెడు తీసి పక్క కుండలో వేసే అలవాటు చాలా ఊళ్లలో ఆడవాళ్లు ఇప్పటికీ మానలేదు. ఇంటి యజమాని చేతిలో ఉండే డబ్బు మీద హక్కు లేని స్త్రీ కూడా తన వంతు తాను ఇవ్వగలిగే పద్ధతి అది. నెల తిరిగేసరికి ఆ బియ్యం ఏ విధవరాలి ఇంటికో, ఇంటింటికీ వెళ్లి వాక్యం చెప్పే బైబిలు స్త్రీ జీతానికో వెళ్లేది.

రైతు కుటుంబాలకు నా సలహా: ఖరీఫ్ వరి అయితే నవంబరు, డిసెంబరులో, మిర్చి అయితే యార్డులో అమ్మిన వారంలో ఏడాది కానుకలో పెద్ద భాగం ఇచ్చేయండి. మిగతా నెలల్లో సంచిలో చిన్న కానుక చాలు. కోశాధికారికి మాత్రం ముందే చెప్పండి, మీ పేరు ఎదురుగా ఎనిమిది నెలలు సున్నాలు చూసి ఆయన బెంగ పడకుండా. ఊరి సంఘాల కమిటీలకూ ఒక మాట: కోత సొమ్మును పన్నెండు భాగాలు చేసి బ్యాంకులో వేసుకోండి, పండుగ భోజనాల్లో కరగనీయకండి.

## ప్రత్యేక కానుకలు, నిర్మాణ నిధి

పుట్టినరోజు, పెళ్లిరోజు, ఉద్యోగం, ఆపరేషను గండం గడవడం: కృతజ్ఞత కానుకకు వంక అక్కర లేదు. కథోలికులు పూజ చెప్పిస్తారు. పూజ కానుక విషయంలో బేరం వాసన కూడా తగలకూడదని కానన్ చట్టం 947వ నిబంధన చెబుతుంది. ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవానికి వెళ్లి హుండీలో వేసి వచ్చేవారు తమ సొంత విచారణను మరచిపోకపోతే మరీ మంచిది. మీ బిడ్డకు జ్ఞానస్నానం ఇచ్చేదీ, మీ ఇంట్లో మనిషి పోతే భూస్థాపన చేసేదీ ఈ విచారణ గురువులే.

నిర్మాణ నిధికి డబ్బు ఇట్టే వస్తుంది. గోడ కనిపిస్తుంది, దాత పేరు చలవరాతి మీద కనిపిస్తుంది, చివరకు ఫ్యాను రెక్కల మీద కూడా కనిపిస్తుంది. ఆ ఫ్యాను తిరగడానికి కరెంటు బిల్లు కట్టేవాడి పేరు ఎక్కడా ఉండదు. మెదక్ కేథడ్రల్ పూర్తి కావడానికి 1914 నుంచి 1924 దాకా పట్టింది. దాన్ని నిలబెట్టుకోవలసిన బాధ్యత వందేళ్లుగా సాగుతూనే ఉంది. పెద్ద మొత్తం చేతికి వచ్చినప్పుడు, ఉదాహరణకు పొలం అమ్మినప్పుడో, పదవీ విరమణ సొమ్ము వచ్చినప్పుడో, నిర్మాణానికి ఇవ్వండి, కానీ అందులో కొంత మరమ్మతుల నిధిగా రాసి ఇవ్వండి. నెలసరి కానుకను ఆపి నిర్మాణ నిధికి మళ్లించడం మాత్రం వద్దు. సంఘానికి అది ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మార్చడమే.

## డబ్బు పంపే ముందు

క్యూఆర్ కోడ్ స్కాన్ చేయగానే తెరమీద ఒక పేరు వస్తుంది. అది సంఘం పేరేనా, పాస్టరు సొంత పేరా చూడండి. సొంత పేరు అయితే ఆయన దొంగ అని అర్థం కాదు. చిన్న సంఘాలకు రిజిస్ట్రేషను, ఖాతా ఉండకపోవచ్చు. కానీ అలాంటి చోట పెద్ద మొత్తాలు ఇవ్వకుండా, ముందు సంఘాన్ని రిజిస్టరు చేయించడానికి సాయం చేయండి. సంచి డబ్బు ఇద్దరు కలిసి లెక్కపెట్టి సంతకాలు చేస్తున్నారా, చెక్కు మీద రెండు సంతకాలు ఉంటున్నాయా, ఆడిట్ జరిగిందా అని అడగండి. కథోలిక విచారణల్లో ఆర్థిక సంఘం ఉండి తీరాలని కానన్ చట్టం 537వ నిబంధన ఉంది. మీ విచారణలో అందులో ఎవరున్నారో మీకు తెలుసా?

పన్ను మినహాయింపు కోసం కానుక తీరును ఎంచుకోవడం వృథా. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 80జి మినహాయింపు ఒక మతవర్గపు ప్రయోజనం కోసమే నడిచే సంస్థకు ఇచ్చే కానుకకు సాధారణంగా రాదు. సంఘం నడిపే ఆసుపత్రికో అనాథాశ్రమానికో వేరే నమోదు, 80జి అనుమతి ఉంటే వస్తుంది. అదీ 2,000 రూపాయలు దాటిన నగదుకు రాదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అసలే రాదు. 2025లో వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి కాబట్టి రసీదు మీద పాత నంబరే వెతక్కండి.

విదేశాల్లో ఉన్నవారు తెలుసుకోవలసినది ఇంకా ముఖ్యం. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద విదేశీ విరాళం కాదు. అమెరికా, బ్రిటన్ పౌరసత్వం తీసుకున్నవారు భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా విదేశీ దాతలే. వాళ్ల డబ్బు తీసుకోవాలంటే సంఘానికి ఎఫ్‌సీఆర్ఏ నమోదు లేదా ముందస్తు అనుమతి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. "మా తమ్ముడి ఖాతాకు పంపి పాస్టరుగారికి ఇప్పిస్తాను" అనే దగ్గరిదారి ఆ పాస్టరును చిక్కుల్లో పడేస్తుంది. నమోదు లేని ఊరి సంఘమైతే, నమోదు ఉన్న డయాసిస్‌ను సంప్రదించి దాని అనుమతి ఉన్న పనులకు ఇవ్వవచ్చునేమో కనుక్కోండి. బ్రిటన్‌లో అక్కడి సంఘానికి ఇచ్చే పన్ను చెల్లింపుదారులు గిఫ్ట్ ఎయిడ్ పత్రం మీద సంతకం చేయడం మానకండి. పౌనుకు 25 పెన్నీలు ప్రభుత్వం నుంచి ఆ సంఘానికి అదనంగా వస్తాయి.

## రెండు సంఘాల మధ్య ఉన్నవారికి

ఉత్తరాలు రాసి అడిగేవాళ్లలో ఎక్కువమంది ఈ కోవకు చెందినవారే. పుట్టింది, బాప్తిస్మం పొందింది ఖమ్మం జిల్లాలోనో ప్రకాశం జిల్లాలోనో ఒక పల్లె సంఘంలో. ఉద్యోగం హైదరాబాదులో, ఆరాధన అక్కడి పెద్ద సంఘంలో. నగర సంఘంలో ఏసీ హాలు, పల్లెలో కారుతున్న పెంకులు. ఎవరికి ఇవ్వాలి?

మీరు ఏ బల్ల దగ్గర ప్రభురాత్రి భోజనం తీసుకుంటున్నారో ఆ సంఘానికి నెలసరి బాధ్యత మీది. హామీ పత్రమో, చందాయో అక్కడే ఉండాలి. మీ పిల్లలు సండే స్కూలుకు వెళ్లేది అక్కడే కదా. కానీ పల్లె సంఘం సంపాదించేవాళ్లందరినీ నగరానికి ఇచ్చేసి ముసలివాళ్లతో మిగిలింది. కోత పండుగ వేలానికి ఇప్పుడు పాడేవాళ్లు లేరు. అందుకని మీరు ఇచ్చే మొత్తాన్ని నాలుగు పాళ్లు చేస్తే మూడు ఇక్కడ, ఒకటి అక్కడ అన్నది నాకు తెలిసిన కుటుంబాల్లో బాగా నడుస్తున్న వాటా. నగర సంఘం స్తోమత ఎక్కువైతే సగం సగం చేసినా తప్పులేదు. ఊరి వాటాను క్రిస్మస్‌కు ఇంటికి వెళ్లినప్పుడు పాస్టరు చేతిలో పెట్టే నోట్ల కట్టగా కాకుండా, మూడు నెలలకు ఒకసారి సంఘం ఖాతాకు పంపండి. పంపిన రోజే అక్కడి కోశాధికారికి ఫోను చేసి దేనికి వాడితే మంచిదో ఆయననే అడగండి. పెంకులా, కరెంటు బకాయా, పాస్టరుగారి అబ్బాయి కాలేజీ ఫీజా అన్నది హైదరాబాదులో కూర్చుని మనం నిర్ణయించేది కాదు.